సంతకాల శనివారం

ముప్పై ఒక్క సంవత్సరాలు కాన్పులు చేసిన మనిషిని తీసుకొచ్చి ఓపీ చీటీల కిటికీ వెనక కూర్చోబెట్టారు. పేరు, వయసు, ఊరు, ఏ డాక్టరుకు చూపించాలి అని అడిగి, కంప్యూటర్లో కొట్టి, చీటీ చేతికివ్వడం. ఇదీ ఇప్పుడు కోటేశ్వరమ్మ సిస్టర్ ఉద్యోగం. నరసరావుపేటలోని మా ట్రస్టు ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళలో సగం మందికి ఆమె చేతుల మీదే పిల్లలు పుట్టారు. వాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, "ఇక్కడున్నావేందమ్మా? పైన లేవా?" అంటారు. "మోకాళ్ళ నొప్పులమ్మా, మెట్లెక్కలేకపోతన్నా" అంటుందామె.

అబద్ధం. ఆ మోకాళ్ళకు ఏ నొప్పీ లేదు. ఆసుపత్రి పరువు పోకుండా ఆమె చెప్పే ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ కోపంలో సగం నా మీద నాకే. ఆమెను అక్కడ కూర్చోబెట్టిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

నా పేరు సబా. మాది మాచర్ల. మా అబ్బా ఖాజా మొహిద్దీన్ ట్రాక్టర్ మెకానిక్. ఎంబీబీఎస్ ముగించి, కాన్పుల విభాగంలో మూడేళ్ళ పీజీ శిక్షణ కోసం ఈ ఆసుపత్రిలో చేరాను. నాతో పాటు చేరినవాడు శ్రీహర్ష. మా ఇద్దరికీ పెద్ద డాక్టర్ వసుంధర మేడమ్. మాకు చదువు చెప్పాల్సింది ఆమె, మా పని చూసి మార్కులు వేయాల్సిందీ ఆమే.

ఆ మార్కుల సంగతి చెప్పకపోతే మిగతాదేమీ అర్థం కాదు. వెనకటిలా ఏడాది చివర ఒక పరీక్ష రాసి బయటపడటం కాదు ఇప్పుడు. మేము చేసే ప్రతి పనినీ, చేస్తున్న చోటే, పెద్ద డాక్టర్ పక్కన నిలబడి చూడాలి. ఎక్కడ తప్పుతున్నామో అక్కడే చెప్పాలి. ఆ తర్వాత ఫోన్లో యాప్ తెరిచి ఒకటి నుంచి ఐదు లోపు మార్కు వేయాలి. ఆలోచన బంగారం లాంటిది, ఒళ్ళు మండేది అందుకే. పనికిమాలిన ఆలోచన పాడైతే ఎవరికి బాధ? ఇంత మంచిదాన్ని తీసుకొచ్చి మమ అనిపించేశారు.

మేడమ్ దుర్మార్గురాలేం కాదు. రోజుకు నూట ఇరవై మంది గర్భిణులను చూస్తుంది, వారానికి మూడు రోజులు ఆపరేషన్లు. మా పక్కన నిలబడే తీరిక ఆమెకు ఎక్కడిది? అందుకని నెలలో చివరి శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కింది అంతస్తు మీటింగు హాల్లో అందరం చేరేవాళ్ళం. బిర్యానీ పొట్లాలు వచ్చేవి. నెలంతా మార్కుల కోసం మేము పంపిన వినతులు మేడమ్ ఫోన్లో వరసగా ఉండేవి. ఆమె ఒక చేత్తో తింటూ ఇంకో బొటనవేలితో నొక్కుకుంటూ పోయేది. ఐదు, ఐదు, ఐదు. మరీ అందరికీ ఐదులైతే బాగుండదని మధ్యలో ఒక నాలుగు. పుస్తకాల్లో సంతకాలు చేసిన రోజుల నుంచీ దానికి సంతకాల శనివారమనే పేరు. పుస్తకం పోయి ఫోను వచ్చింది, శనివారం మాత్రం అలాగే ఉంది. ఆ రోజు నొక్కించుకోని వినతి నెలాఖరుకు చెల్లకుండా పోతుంది. లెక్క తగ్గితే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు.

దాంతో మా చదువు ఎలా తయారైందో చెబితే నవ్వుతారు. కష్టమైన కేసు వస్తే బాత్రూముకు పోయేవాళ్ళం. బీపీ ఎక్కువున్న తల్లి, అడ్డం తిరిగిన బిడ్డ, ఇలాంటివాటికి మేడమే స్వయంగా వస్తుంది, మా తప్పు ఆమె కంట పడుతుంది, మార్కు తగ్గుతుంది. సాఫీగా అయ్యే మూడో కాన్పు అయితే పరుగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళం. అదీ నొప్పులు మొదలైనప్పుడు కాదు, బిడ్డ తల కనపడే వేళకు. యాప్‌లో కాన్పు ఫారానికి పదకొండు గడులు. చేతులు కడుక్కోవడం మొదటి గడి, మాయ పూర్తిగా పడటం చివరి గడి. పదకొండూ నిండగానే చేతి తొడుగులు విప్పేసి, ఫోన్ తీసి, వినతి పంపి, వెళ్ళిపోయేవాళ్ళం. మేడమ్ దగ్గర ప్రశ్న అడగడం కూడా మానేశాం. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా. డాక్టరుకు 'నాకు తెలియదు' అనే మాట నోట్లోంచి పోయిందంటే ఇక ఆ రోగి గతేమిటో ఆలోచించండి.

కోటేశ్వరమ్మ సిస్టర్‌కు యాప్‌లో చోటు లేదు. పక్కన నిలబడి చూసేది ఆమె. మార్కు వేసే హక్కు లేనిదీ ఆమే.

ఆమెది గురజాల పక్క పల్లె. మిరపకోతలకు పోయే ఇంట్లో పుట్టి, పదో తరగతి చదివి, నర్సింగు నేర్చుకుని, ఇరవై మూడేళ్ళకు ఈ ఆసుపత్రిలో చేరింది. భర్త పుల్లయ్య విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. ఇద్దరూ బరంపేటలో రెండు గదుల ఇంట్లో ఉంటారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం కాన్పుల గదిలో మాట్లాడితే కింద మందుల షాపుకు వినపడుతుంది. డ్యూటీలో టీ తాగదు. ఎవరెంత బతిమాలినా తాగదు. ఎందుకని నేను ఒకసారి అడిగాను.

"నేను చేరిన రెండో ఏడమ్మా. కాన్పయింది, మాయ పడింది, బిడ్డ ఏడ్చాడు. అంతా బాగుందనుకుని టీ తాగటానికి పొయ్యా. పది నిమిషాలు. వచ్చేలోపు ఆ తల్లి తెల్లగా అయిపోయింది. దుప్పటి కింద నెత్తురంతా. ఎవురూ నన్నేమీ అన్లేదు. నేను మాత్రం టీ తాగలేదు మళ్ళా."

అప్పటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. మాయ పడ్డాక గంటసేపు తల్లి పక్కన ఇనప స్టూలు వేసుకుని కూర్చుంటుంది, పొట్ట మీద చెయ్యి పెట్టి. లోపల గర్భసంచి గట్టిగా బిగుసుకుని ఉండాలి. మెత్తబడిందంటే లోపల నెత్తురు పోతున్నట్టే. దానికి కాపలా గంట అని పేరు పెట్టింది. మా పదకొండు గడుల్లో అది లేదు.

ఆమెకు సొంతంగా ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఏ పీజీ ఏ రోజు ఏం చేశారో అందులో ఒక్క మాటలో రాసేది. పక్కన నిలబడితే 'చూసింది'. తన చెయ్యి మా చేతి మీద పెట్టి చేయిస్తే 'చేయించాను'. ఒంటరిగా సరిగ్గా చేస్తే 'చేసింది'. తప్పు చేస్తే ఎర్ర పెన్నుతో 'మళ్ళీ'. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు దానికి. మొదటి రెండు నెలల్లో నా పేరు పక్కన ఏడు మళ్ళీలు ఉన్నాయి. అది చూసి నాకు పట్టలేని కోపం వచ్చింది.

"సిస్టర్, మేడమ్ నాకు ఈ ఏడింటికీ ఐదు వేశారు. కావాలంటే ఫోన్ చూడండి" అన్నాను.

"ఎయ్యదా మరి. మేడమ్ చూళ్ళేదు గదమ్మా. నేను చూశా."

"నాకు ఏం తక్కువైంది?"

"కూచోటం. మాయ పడంగానే లేచి పోతన్నావు. ఎక్కడికమ్మా ఆ పరుగు? నీకు పనయిపోయింది. ఆ తల్లికి అవలేదు."

నేను విసురుగా వెళ్ళిపోయాను. ఆ ఆదివారం మాచర్ల పోయినప్పుడు అబ్బాకు ఫిర్యాదు చేశాను, ఒక నర్సు నాకు వంకలు పెడుతోందని. అబ్బా ఒక ట్రాక్టర్ ఇంజను బిగించడం అప్పుడే ముగించి, దాన్ని ఊరికే నడిపి పెట్టి, పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. రైతు నిలబడి తొందరపెడుతున్నాడు. "గంట ఆడాల భాయ్, వేడెక్కినాకనే అసలు సంగతి తెలుస్తది" అని అతనితో అన్నాడు.  నాకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

సోమవారం నుంచి కూర్చున్నాను. కోటేశ్వరమ్మ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని బొడ్డు కింద పెట్టేది. "ఇదుగో, ఇట్టా గట్టిగా ఉండాల. ఇది తెలుసుకో ముందు. కళ్ళు మూసుకో. ఇప్పుడు చెప్పు, ఎక్కడుంది?" అనేది. పద్దెనిమిది కాన్పుల తర్వాత పందొమ్మిదోసారి నోటుబుక్కులో 'చేసింది' అని రాసింది. నాకు వచ్చిన వందకు పైగా ఐదుల్లో ఒక్కటి కూడా ఆ మాటంత సంతోషం ఇవ్వలేదు. ఇంత తెలిసిన దాన్ని నేను. ఇంత తెలిసీ ఒక సంతకాల శనివారం చేసిన పని వింటే మీకే నా మీద అసహ్యమేస్తుంది.

ఆ రోజు వెల్దుర్తి నుంచి హాసిని అని ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల వచ్చింది. మొదటి కాన్పు. అత్తగారు బాలసరస్వతి తోడుంది. పన్నెండు నలభైకి ఆడపిల్ల పుట్టింది. కాన్పు చేసింది శ్రీహర్ష, పక్కన సాయం నేను. పది నిమిషాల్లో మాయ పడింది. కోటేశ్వరమ్మ సిస్టర్ స్టూలు లాక్కోబోతుంటే పక్క మంచం మీది గర్భిణికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోయింది. ఆమెను థియేటర్‌కు పరుగున తీసుకుపోవాలి.

"నేను దీన్ని థియేటర్లో అప్పజెప్పొస్తా. మీరిద్దరూ ఈ పిల్ల కాడే ఉండండి. పొట్ట మీద చెయ్యి తియ్యొద్దు" అని చెప్పి స్ట్రెచర్ పట్టుకుని వెళ్ళింది.

ఒంటిగంటైంది. నాకు పద్నాలుగు వినతులు మిగిలి ఉన్నాయి. మేడమ్ ఆ రోజు తొందరగా గుంటూరు వెళ్ళిపోతుందని ఎవరో అన్నారు. "పది నిమిషాల్లో వస్తా, నువ్వు ఉండు" అని శ్రీహర్షకు చెప్పి నేను హాలుకు వెళ్ళాను. ఇంకో పది నిమిషాలకు శ్రీహర్ష కూడా వచ్చి నా పక్కన కూర్చుని పొట్లం విప్పాడు.

"అక్కడెవరున్నారు?" అన్నాను.

"కేసు అయిపోయింది కదా. పదకొండూ టిక్కు పెట్టేశాను. సిస్టర్ వస్తుందిలే."

నేను లేవలేదు. నా పేరు వరసలో దగ్గరకు వచ్చింది. లేచి వెళ్ళడానికి ఎంతసేపు? రెండు అంతస్తులు, నలభై మెట్లు. లేవలేదు నేను. ఒకటీ ఇరవైకి హాసిని కాన్పుకు మేడమ్ బొటనవేలు నొక్కింది. శ్రీహర్షకు ఐదు, నాకు ఐదు.

థియేటర్లో మనుషులు చాలక కోటేశ్వరమ్మ సిస్టర్‌ను అరగంటకు పైగా ఆపేశారు. ఒకటీ ముప్పై అయిదుకు ఆమె తిరిగి వచ్చి హాసిని పొట్ట మీద చెయ్యి వేసింది. మెత్తగా ఉంది. దుప్పటి ఎత్తింది. ఆమె పెట్టిన కేక మాకు హాలులో వినపడింది. మేము పరుగెత్తుకొచ్చేసరికి ఒక చేత్తో గర్భసంచిని నొక్కి పట్టి, ఇంకో చేత్తో ఇంజెక్షన్ ఎక్కిస్తోంది. ఆయాకు రక్తం సీసాల సంగతి, అత్తగారికి సంతకం సంగతి, అన్నీ ఆ గొంతుతోనే చెబుతోంది. మా మొహాలు కూడా చూడలేదు. ఆ తర్వాత మూడు గంటలు మేడమ్ థియేటర్లో పోరాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏడు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళకు.

బాలసరస్వతి ఊరుకోలేదు. సోమవారం కలెక్టరేట్‌కు పోయి అర్జీ పెట్టింది. మేలు చేసింది. కాకపోతే అర్జీ వచ్చాక ఆసుపత్రికి ఒక పేరు కావాల్సి వచ్చింది, తప్పు ఫలానా వాళ్ళదని చూపించడానికి. విచారణకు కమిటీ వేశారు. సూపరింటెండెంట్, ఇద్దరు డాక్టర్లు, ఒక పరిపాలన అధికారి. వాళ్ళు యాప్ తెరిచి చూశారు. యాప్ ఏం చెప్పింది? సమర్థులైన ఇద్దరు డాక్టర్లు, సీనియర్ పర్యవేక్షణలో, ఐదుకు ఐదు మార్కులతో కాన్పు చేశారు. దాని కింద యాప్ తనంతట తానే అచ్చువేసే వరస ఒకటుంది, పదకొండో గడి నిండగానే డ్యూటీలో ఉన్న నర్సు పేరుతో: 'తదుపరి సంరక్షణ నిమిత్తం సిస్టర్ కోటేశ్వరమ్మకు అప్పగించబడింది.' ఆమె ఆ గదిలో లేనప్పుడు ఆమెకు అప్పగించారట. ఏమనాలి దీన్ని?

కోటేశ్వరమ్మ సిస్టర్ తన నోటుబుక్కు పట్టుకెళ్ళింది. అందులో ఆమె థియేటర్‌కు వెళ్ళిన టైము, వచ్చిన టైము ఉన్నాయి. శ్రీహర్ష పేరు పక్కన అంతకు ముందు నెలల్లో పదిహేడు మళ్ళీలు ఉన్నాయి, ప్రతిదాని పక్కన 'కూర్చోలేదు' అని ఉంది. పరిపాలన అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది మీ సొంత పుస్తకమమ్మా, రికార్డు కాదు" అని బల్ల మీద పెట్టేశాడట. చూసి రాసింది రికార్డు కాదు. చూడకుండా నొక్కింది రికార్డు. ఈ ముక్క గుర్తొచ్చిన ప్రతిసారీ నాకు ఆ బల్ల ఎత్తి అవతల పారేయాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం బరంపేటలో ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె బియ్యం ఏరుతోంది. కూర్చోమని కూడా అనలేదు.

"సిస్టర్, రేపు కమిటీ ముందు నేను చెబుతాను. మేము గదిలో లేమని."

"చెప్తే నీ చదువేమయిద్ది?"

"నా మార్కులు కొట్టేస్తారేమో. అవన్నీ చూడకుండా వేసినవేనని చెప్పాలి కదా. ఆరు నెలలో, ఏడాదో ఎక్కువ చేయాల్సి వస్తుంది."

నాకు లోపల ఒక ఆశ ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. వద్దులేమ్మా, చిన్నపిల్లవి, నీ బతుకు పాడు చేసుకోకు అంటుందేమోనని. పెద్దవాళ్ళు అంటారు కదా అలా. ఆమె చేట పక్కన పెట్టింది.

"నన్నడిగితే చెప్పమనే అంటా. నేనేం దేవతను కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు చేసి, ఇయ్యాళ ఒక పిల్ల కడుపు పోగొట్టిందన్న మాట నా మీద పడింది. మా ఆయన దుకాణంలో తలెత్తుకోలేకపోతన్నాడు. చేసింది మీరు. పోయి చెప్పు."

వెళ్ళి చెప్పాను. మేము గదిలో లేమని, బిర్యానీ దగ్గర ఉన్నామని, హాసిని కాన్పును మేడమ్ చూడలేదని, అది ఒక్కటే కాదు, నా నూట నలభై మూడు ఐదుల్లో ఆమె కళ్ళతో చూసినవి పదకొండు కూడా ఉండవని. సూపరింటెండెంట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అలా అయితే నీ శిక్షణే చెల్లదమ్మా, అర్థమవుతోందా?" అన్నాడు.

"అవుతోంది సార్. ఆ ఐదులు కొట్టేసి సిస్టర్ పుస్తకంలో ఉన్నదే రాసుకోండి. మళ్ళీ అని."

శ్రీహర్షను పిలిచి అడిగితే నీళ్ళు నమిలాడు. సరిగ్గా గుర్తులేదన్నాడు. మేడమ్ తల దించుకుని కూర్చుంది.

నేను నిజం చెబితే అంతా సర్దుకుంటుందని మీరనుకుని ఉంటే, నేనూ అలాగే అనుకున్నాను. కమిటీ నివేదికలో నా మాట ఒక్క వాక్యమైంది: 'ఒక శిక్షణార్థి క్రమశిక్షణారాహిత్యాన్ని అంగీకరించినది.' నా మార్కులు రద్దయ్యాయి, శిక్షణ ఆరు నెలలు పెరిగింది. శ్రీహర్షవి అలాగే ఉన్నాయి, అతను ఒప్పుకోలేదు కదా. మేడమ్ మిగతావాళ్ళకు వేసినవి కూడా ఎవరూ ముట్టుకోలేదు. అవన్నీ రద్దు చేయాలంటే ఆసుపత్రిలో పీజీ శిక్షణే రద్దు చేయాలి. కోటేశ్వరమ్మ సిస్టర్ ఉద్యోగం మాత్రం తీసేయలేదు, దయతలిచారు. కాన్పుల వార్డులో అడుగు పెట్టకూడదని రాతపూర్వకంగా ఇచ్చి ఓపీ కిటికీకి పంపారు.

ఇంకో ఘనకార్యం కూడా చేశారు. ఫారంలో పన్నెండో గడి పెట్టారు. 'కాన్పు తర్వాత గంటసేపు పర్యవేక్షణ.' కాపలా గంట. ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారో ఆమె పేరు లేకుండా, ఆమెను కిందకు దింపాక. దాన్ని సంస్కరణ అని సర్క్యులర్ కూడా వేశారు.

నేను ప్రతిరోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గరకు వెళ్ళి ఆ రోజు కాన్పులు చెప్పేదాన్ని. "ఎంతసేపు కూచున్నావు? గట్టిగా ఉందా? ఎన్ని సార్లు చూశావు?" అని ఆమె చీటీలు కొడుతూనే అడిగేది. అయినా నోటుబుక్కు తీసేది కాదు. "కళ్ళతో చూడకుండా రాయనమ్మా. అట్టా రాస్తే ఆళ్ళకీ నాకూ తేడా ఏముంది?" అనేది.

మూడు నెలలు గడిచాయి. మా పిన్నమ్మ కూతురి నిఖా కోసం రెండు రోజులు సెలవు పెట్టి మాచర్ల వెళ్ళాను. నెలలో చివరి శనివారం మధ్యాహ్నం తిరిగొచ్చి, బస్సు దిగి, సంచి భుజాన ఉండగానే, ముందు కిటికీ దగ్గరకు వెళ్ళాను. ఆమెకు ఇద్దామని నిఖా మిఠాయి తెచ్చాను. డబ్బా ఇస్తుంటే నా ఫోన్ మోగింది. యాప్ నుంచి. తెరిచి చదివాను.

కాన్పు సమయం పన్నెండు యాభై. సహాయకురాలు డాక్టర్ సబా. గంటసేపు పర్యవేక్షణ పూర్తయింది. మార్కు ఐదు.

దాని వెనకే శ్రీహర్ష మెసేజ్: 'నీకు లెక్క తక్కువ ఉంది కదా, అందుకే నీ పేరు కూడా పెట్టాను. మేడమ్ నొక్కేశారు. థ్యాంక్స్ చెప్పక్కర్లేదులే.' పాపం, మంచికే చేశాడు. అదే నాకు ఇంకా మంటెత్తించింది.

ఫోన్ కిటికీలోంచి లోపలికి చూపించాను. కోటేశ్వరమ్మ సిస్టర్ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

"ఇప్పుడు టైమెంత?"

గోడ గడియారం చూశాను. "ఒకటీ పదిహేను."

"కాన్పయి పాతిక నిమిషాలు. గంట ఎట్టా పూర్తయిందమ్మా?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె లేచింది. కిటికీ ముందు పదిహేను మంది వరసలో ఉన్నారు. మిఠాయి డబ్బా కంప్యూటర్ మీద పెట్టి, బయటికి వచ్చి, మెట్లెక్కింది. మోకాళ్ళ నొప్పులని ఆమె చెప్పగా విన్న ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా నలభై మెట్లూ ఎక్కింది. నేను సంచితోనే వెనక పరుగెత్తాను.

పైన గదిలో ఒక తల్లి పడుకుని ఉంది. తొత్తుకొడుకు డాక్టర్లెవరూ లేరు, నన్ను క్షమించండి, నా నోరు అలాంటిది. డ్యూటీ నర్సు ఇంకో ఇద్దరితో అవతలి గదిలో ఉంది. ఇనప స్టూలు గోడకు ఆనించి ఉంది. కోటేశ్వరమ్మ సిస్టర్ దాన్ని లాక్కుని కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. 

"గట్టిగానే ఉంది" అంది. "ఏ ఊరమ్మా మీది?" అని ఆ తల్లిని అడిగింది.

ఐదు నిమిషాలకు పరిపాలన అధికారి వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. గుమ్మంలో నిలబడి, "మీరు ఇక్కడికి రాకూడదని రాసిచ్చాం కదమ్మా. కింద జనం గోల చేస్తున్నారు. లేవండి" అన్నాడు.

"ఒకటీ యాభైకి లేస్తా."

"నేను లేపించాల్సి వస్తుంది."

"లేపించండి. నేను లెగిస్తే ఈ స్టూలు మీద ఎవురు కూచుంటారో ఆళ్ళని ముందు తీసకరండి."

అతను కదలలేదు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఒకటీ యాభైకి ఆమె లేచి, ఇంకోసారి పొట్ట నొక్కి చూసి, ఆ తల్లి దుప్పటి సర్ది, కిందకు దిగి, కిటికీ తెరిచి, "పేరు చెప్పమ్మా" అంది వరసలో మొదటి మనిషిని.

సాయంత్రానికి మెమో వచ్చింది. అనుమతి లేకుండా సీటు వదిలినందుకు, నిషేధించిన వార్డులోకి వెళ్ళినందుకు, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని. ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, చీటీలు రాసే పెన్నుతోనే, ఒక్క వాక్యం రాసింది. 'పన్నెండు యాభైకి కాన్పయిన తల్లి దగ్గర ఎవరూ లేరు, అందుకని వెళ్ళి కూర్చున్నాను.' కింద తన పేరు రాసి, కాగితం నావైపు జరిపింది.

నేను దాని కింద సంతకం పెట్టాను. ఆ శనివారం మా ఆసుపత్రిలో కళ్ళతో చూసి పెట్టిన సంతకాలు ఆ రెండే.